ఒకే బంతిలో కూర్చున్న బిడ్డలు

పోయిన వారం మనం తిరుపాలమ్మను ఆత్మకూరు ఆసుపత్రి వసారాలో వదిలి వచ్చాం. మద్రాసు నుంచి వచ్చే చర్మం డాక్టరు ఆదినారాయణ గారు ఆమె మనవరాలి చేతినీ, మనవడి చేతినీ పక్కపక్కన పెట్టి, ఎండలో తిప్పి తిప్పి చూసి, "తిరుపాలమ్మా, ఇన్ని ఊళ్ళలో నేను కళ్ళు మూసుకుని నమ్మగలిగింది నీ చేతినొక్కదాన్నే" అన్నారు. ఆమె తల వంచుకుంది. పొగిడితే సిగ్గుపడిందనుకున్నారాయన. చదివిన మీరూ అట్లాగే అనుకుని ఉంటారు. కాదు తల్లీ, అది సిగ్గు కాదు. అదేమిటో ఈ వారం చెప్పుకోవాలి.

ముందు ఆ ఇంటి సంగతి ఒకసారి తలుచుకుందాం. ఉదయగిరి కొండ కింద గొర్రెలు కాచుకునే ఇల్లు వాళ్ళది. ఆ ఇంట్లో ఇద్దరు బిడ్డలకు పుట్టుకతోనే ఒళ్ళంతా పొలుసులు. చేపకున్నట్టే, నల్లగా, పలకలు పలకలుగా. మనవరాలు చెంచి, కొడుకు బిడ్డ. మనవడు మాల్యాద్రి, కూతురు బిడ్డ. కొడుక్కి తన అన్న కూతురు వెంగమ్మను తెచ్చుకున్నదీ తిరుపాలమ్మే, కూతురు రోశమ్మను తన తమ్ముడికి ఇచ్చుకున్నదీ తిరుపాలమ్మే. ఆ తమ్ముడు పోయాడు. రోశమ్మ బిడ్డను చంకనేసుకుని పుట్టింటికి చేరింది. దగ్గరి సంబంధాలు కలుపుకునే ఇళ్ళలోనే ఈ జబ్బు ఎక్కువ కనబడుతుందని డాక్టరు మొదటి రోజే అన్నాడు. ఆ మాట అప్పటినుంచీ ఆమె గొంతులో ముల్లులాగా దిగబడి ఉంది.

ఆ బిడ్డలకు చెమట పట్టదు. ఎండలు ముదిరితే ఒళ్ళు పెనంలాగా కాలిపోతుంది. తడిగుడ్డ చుట్టి నీడన కూర్చోబెట్టాలి. గుడ్డ ఆరితే మళ్ళీ తడపాలి. ఏమరుపాటుగా ఉంటే బిడ్డ దక్కదు.

అటువంటి జబ్బుకు ఇంగ్లీషువాళ్ళ సీమ నుంచి కొత్త మందు ఒకటి వచ్చింది. లోకానికి ఇంకా ఇవ్వలేదు. ముందు కొద్దిమంది బిడ్డల మీద రాసి చూడాలి. అందరికీ మందే ఇస్తే, గుణం మందుదో, రోజూ ఒళ్ళు తడిపి మైనం రుద్దినదానిదో తెలియదు కదా. అందుకని కొందరికి మందు కలిపిన డబ్బా, కొందరికి ఉత్త మైనం డబ్బా. ఒకదాని మూత మీద నల్లబొట్టు, ఒకదాని మీద ఎర్రబొట్టు. ఏ బొట్టులో మందుందో డాక్టరుకు కూడా చెప్పరు, మద్రాసులో కలిపినవాళ్ళకే తెలుసు. చెంచికి నల్లబొట్టు వచ్చింది. మాల్యాద్రికి ఎర్రబొట్టు. "ఎవరి డబ్బా వాళ్ళకే. రుద్దే చెయ్యి మాత్రం ఒకటే ఉండాలి" అన్నాడు డాక్టరు. ఆ చెయ్యి తిరుపాలమ్మది.

డబ్బాలు ఇంటికి చేరిన సాయంత్రమే మొదలైంది రగడ. "అత్తా, నా బిడ్డకి వచ్చింది ఉత్త మైనమేమో" అని కోడలు వంటింట్లో కళ్ళనీళ్ళు పెట్టుకుంది. తిరుపాలమ్మ చుట్టూ చూసి దాని చెవిలో, "ఊరుకోవే పిచ్చిదానా. నల్లబొట్టులోదే అసలు మందు. కంపౌండరు నాకు చెప్పినాడు, ఎవరితోనూ అనబాక" అంది. కాసేపటికి కూతురు దొడ్లో దొరికింది. "మగడు లేనిదాని బిడ్డ గదా, మాకు మందెందుకు ఇస్తారులే" అని మూతి తిప్పుకుంది. దాని చెవిలోనూ అదే మాట, బొట్టు రంగు మాత్రం మార్చి. కంపౌండరు పాపం ఎవరికీ ఏమీ చెప్పలేదు.

అబద్ధాలు ఆ రాత్రికి పనికొచ్చాయి. తెల్లారి ఇద్దరు బిడ్డలూ వచ్చి అవ్వ ముందు బాసింపట్లు వేసుకుని, అన్నానికి కూర్చున్నట్టు కూర్చుని, ఒకేసారి చేతులు చాపారు. తిరుపాలమ్మ చెయ్యి నల్లబొట్టు డబ్బా మీదికి పోయి ఆగిపోయింది. బంతిలో కూర్చోబెట్టి ఒక ఆకులో నెయ్యి, పక్క ఆకులో నీళ్ళు పోసిన చెయ్యి కాదది. గొర్రెపిల్లలకు గంజి పోసినా సమంగానే పోసింది పుట్టి బుద్ధెరిగిన కాడినుంచీ. రెండు డబ్బాల మూతలూ తీసింది. మొగుడు బతికున్న రోజుల్లో తొలిచి ఇచ్చిన కర్రగిన్నెలోకి రెండూ ఒంపింది. నల్లబొట్టు డబ్బా కొంచెం వెలితిగా అనిపించింది. మద్రాసు వాళ్ళు చెయ్యి బిగబట్టి నింపారు కాబోలు అనుకుంది. గరిటెతో కలిపి కలిపి, ఏది ఏదో ఆ దేవుడు కూడా చెప్పలేనట్టు చేసి, మళ్ళీ రెండు డబ్బాల్లోనూ సమంగా నింపింది. ఆ తర్వాత ఎన్ని డబ్బాలు వచ్చినా అదే పని.

ఇద్దరికీ కొంచెం తగ్గింది. ఇద్దరికీ ఒకేలాగా తగ్గింది. డాక్టరు మెచ్చుకుంది దాన్నే.

*

ఈసారి బస్సు ఎక్కే వేళకే ఎండ చురుక్కుమంటోంది. బొగ్గుతో నడిచే ఆ బస్సు వెనకనున్న పొయ్యి పొగంతా లోపలికే కొడుతోంది. తడిపంచె ముక్కల్లో చుట్టిన బిడ్డలిద్దరూ అవ్వకు చెరోపక్కా. ఎదురు బల్ల మీద తలపాగా పెద్దమనిషి ఒకడు కాళ్ళు ఎత్తి పైన పెట్టుకున్నాడు.

"ఏందమ్మే, బిడ్డలకు పాము కుబుసం మాదిరి ఉండాది ఒళ్ళు? అంటుకుంటాదా ఏంది?"

"అంటుకుంటే మంచిదే పెద్దాయనా" అంది వెంగమ్మ. "పొలుసులన్నా వచ్చి నీ మొగం మింద ముడతలు కనపడకుండా కప్పేస్తాయి."

బస్సంతా నవ్వింది. పెద్దాయన కాళ్ళు దించాడు. వెంగమ్మ ఆ నవ్వు పూర్తికాకుండానే కిటికీలోంచి తల బయటపెట్టి వాంతి చేసుకుంది.

"ఏమయిందే?"

"పొగ పడలేదత్తా" అంది, కొంగుతో మూతి తుడుచుకుంటూ.

మాల్యాద్రి అవ్వ మోచెయ్యి లాగాడు. "అవ్వా, డాక్టరు ఈతూరి పిప్పరమెంటు ఇస్తాడా?"

"నాకిస్తే నీకు కాకెంగిలి చేసి సగమిస్తాలేరా" అంది చెంచి. తిరుపాలమ్మ మనసు చివుక్కుమంది. ఈ సగాలు పంచుకోవడం ఎవరు నేర్పారో తెలుసు ఆమెకు. ఇన్నాళ్ళూ అది మంచి బుద్ధే అనుకుంది. పోయినసారి డాక్టరు ఆ మాట అన్నప్పటినుంచీ తన చెయ్యి తన కంటికే పరాయిదిలాగా కనబడుతోంది. అన్నం కలుపుకుంటున్నా అదే ధ్యాస. నమ్మాడు. తనను నమ్మాడు. ఈసారి చెప్పెయ్యాలి అనుకుంటుంది, చెబితే డబ్బాలు లాగేసుకుంటారేమో అని నోరు మూసుకుంటుంది. ఆత్మకూరు వచ్చేవరకూ ఇదే వరస.

*

ఆసుపత్రి వసారాలో వరికుంటపాడు కామయ్య ఉన్నాడు. ప్రతిసారీ ఇక్కడే కనబడతాడు. అతని కూతురు కామాక్షిదీ ఇదే జబ్బు. అందరు బిడ్డల్లోనూ ఆ పిల్లకే బాగా నయమైంది. ఉగాది నాటికి మొహం తేటబడి, కొత్త గౌను వేసుకుని ఈ వసారాలోనే గంతులేసింది. వెంగమ్మ ఆ పిల్లను చూసి కుళ్ళుకుంది కూడా.

ఆ పిల్ల ఇప్పుడు బల్ల మీద తడిగుడ్డలో పడుకుని ఉంది. పెదాలు పగిలి నెత్తురు గడ్డకట్టింది. చేతుల మీద పలకలు లేచి, ఎండిన చెరువు అడుగులాగా నెర్రెలు. కామయ్య చెంబులో గుడ్డ ముంచి నుదుటి మీద పిండుతున్నాడు. గుడ్డ పెట్టిన కాసేపటికే ఆవిరి లేస్తున్నట్టుంది.

"రా పెద్దమ్మా. మీ బిడ్డలు బాగుండారా?" అన్నాడు లేచి చోటిస్తూ.

"ఏందయ్యా ఇది? పాప బాగుండింది గదా!"

"బాగుండింది. మాది నల్లబొట్టే గదా, మంచిగా పట్టింది. పోయినతూరి డాక్టరు గారు అన్నాడు, 'ఉదయగిరి తిరుపాలమ్మ ఇంట్లో నల్లదీ ఎర్రదీ ఒకటేమాదిరి పనిచేసినాయి, అంటే ఆ మందులో గుణమేమీ లేదు, ఉత్త మైనం చాలు' అని. మీ ఇంటివి అయిపోయేదాకా వాడుకోనిచ్చి, మిగిలిన మద్రాసు డబ్బాలన్నీ ఎనక్కి పంపేసి, ఇక్కడ కలిపే మైనం ఇచ్చినాడు అందరికీ. రుద్దతానే ఉండాం. అయినా ఇట్టా అయింది." అతను గొంతు తగ్గించాడు. "మా ఆడమనిషి చెయ్యి కుదరలేదేమో. నీ చెయ్యి మంచిదని డాక్టరే చెప్పె. నువ్వు ఎట్టా రుద్దతావో ఒక్కసారి చూపిస్తావా పెద్దమ్మా?"

అతను తిరుపాలమ్మ చెయ్యి పట్టుకుని కూతురి చేతి మీద పెట్టాడు. కాలుతోంది. ఆ పిల్ల కళ్ళు సగం తెరిచి, "అవ్వా, చల్లగా ఉండాది నీ చెయ్యి" అంది.

చెయ్యి లాక్కుంది తిరుపాలమ్మ. బిడ్డలను వెంగమ్మకు అప్పజెప్పి, డబ్బాల మూట చంకన పెట్టుకుని, పిలవకుండానే డాక్టరు గదిలోకి పోయింది.

*

డాక్టరు సూదిలోకి మందు ఎక్కిస్తున్నాడు, కామాక్షి కోసమే. ఆమెను చూసి నవ్వబోయాడు.

"సామీ, నాది నమ్మదగ్గ చెయ్యి కాదు" అంది. ఇంకేమన్నా ముందు చెబితే ఈ మాట బయటికి రాదని ఆమెకు తెలుసు. "రెండు డబ్బాలూ కలిపేసినాను."

"ఏమిటి కలిపావు?"

"నల్లబొట్టుదీ ఎర్రబొట్టుదీ. గిన్నెలో ఒంపి, కలిపి, ఇద్దరికీ అదే రుద్దినాను."

"ఎప్పుడు?"

"మొదటి దినం కాడినుంచీ."

ఆయన చేతిలోని సూది బల్ల మీద పెట్టాడు. కొంచెంసేపు ఆమెను కాదు, కిటికీని చూశాడు. కిటికీలోంచి వసారా కనబడుతోంది, కామయ్య వీపు కనబడుతోంది.

"వచ్చినప్పుడల్లా అడిగాను తిరుపాలమ్మా. ఎవరి డబ్బా వాళ్ళకే రాస్తున్నావా అని. తల ఊపావు."

"ఊపినాను."

"తల ఊపి, నా మొహం చూసి నవ్వావు కూడా!"

"నవ్వినాను సామీ. నవ్వి ఇంటికి పోయి మళ్ళా కలిపినాను."

"ఎందుకు? ఎందుకమ్మా? మీకు మందు వద్దనుకుంటే మొదటిరోజే వద్దనవచ్చు కదా, నేను బలవంతం చేశానా?"

"వద్దనుకుంటే కలిపేదేంది సామీ, పారపోసేదాన్ని. ఒక బంతిలో ఇద్దరూ కూర్చొని చేతులు చాపినారు. ఒకరు కొడుకు బిడ్డ, ఒకరు కూతురు బిడ్డ. ఒకదానికి మందూ, ఒకడికి మైనమూ నా చేత్తో ఎట్టా వడ్డించేది? వలపక్షం చేసిన చెయ్యి మళ్ళా కూడు పెట్టేదానికి పనికొస్తాదా? వాడికి తండ్రి కూడా లేడు సామీ."

"వలపక్షం చెయ్యలేదు నువ్వు. ఒప్పుకుంటాను." డాక్టరు గొంతు పెంచలేదు. పెంచి ఉంటే ఆమెకు కొంచెం తేలికయ్యేది. "నీ బంతిలో నీకు ఇద్దరే కనబడ్డారు. ఆ బంతి వరికుంటపాడు దాకా ఉంది తిరుపాలమ్మా. ఆ చివర కూర్చున్న బిడ్డ ఆకు నువ్వు లాగేశావు."

ఆమె గోడకు ఆనుకుని అట్లాగే కిందికి జారి కూర్చుంది. ఏడవలేదు. ఏడిస్తే ఆయన జాలిపడతాడేమో, ఆ జాలి తనకు పనికిరాదు అనిపించింది.

డాక్టరు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. మళ్ళీ పెట్టుకోలేదు. "నిన్నొక్కదాన్నే అంటే నాకు సుఖంగానే ఉంటుంది. కానీ మీ ఇంటి ఇద్దరిని చూసి ఊళ్ళలో బిడ్డలందరి డబ్బాలూ మార్చింది నేను. కామయ్య బిడ్డ కళ్ళ ముందు బాగుపడుతున్నా, నీ మాట మీద నాకంత నమ్మకం. ఆగి చూడవలసింది. ఆగలేదు."

"ఇప్పుడేం చేసేది సామీ? నన్నేం చెయ్యమంటే అది చేస్తా."

"మద్రాసుకు తంతి ఇస్తాను. డబ్బాలు రైల్లో నెల్లూరు రావాలి, అక్కడినుంచి ఇక్కడికి రావాలి. ఈ ఎండల్లో అంతవరకూ ఆ బిడ్డ తట్టుకోవాలి. సూది మందు జ్వరానికే, చర్మానికి కాదు." ఆయన ఆమె చంకలోని మూట చూశాడు. "కామాక్షిని చూస్తే నల్లబొట్టులోదే అసలు మందని తేలిపోయింది. నీ నల్లబొట్టు డబ్బాలో ఏమైనా మిగిలిందా?"

ఆమె ఆత్రంగా లేచి మూట విప్పింది. రెండు డబ్బాలూ బల్ల మీద పెట్టింది. మూతలు తీసింది. రెండిట్లోనూ అడుగున ఇంత. అప్పుడు గుర్తొచ్చి చేతులు వెనక్కి తీసుకుంది.

"రెండిట్లో ఉండేదీ ఒకటే సామీ."

డాక్టరు వేలితో కొంచెం తీసి నలిపి చూశాడు. తల అడ్డంగా ఊపాడు. "సగం మైనం. పైగా ఇది ఒక్క పూటకు కూడా రాదు. కలపని మందు ఒక్క డబ్బా, ఒక్కటంటే ఒక్కటి ఎక్కడైనా ఉంటే..."

"ఉండాది."

వాకిట్లో వెంగమ్మ నిలబడి ఉంది. ఎంతసేపటినుంచి నిలబడి ఉందో. చెంచిని ఒక పక్క, మాల్యాద్రిని ఒక పక్క పట్టుకుని ఉంది. మొహం పాలిపోయింది.

"నల్లబొట్టులోదే అసలు మందని నా చెవిలో చెప్పినావే అత్తా" అంది. "రోశమ్మ చెవిలో ఏం చెప్పినావు?"

తిరుపాలమ్మ డబ్బాలకు మూతలు పెట్టసాగింది.

"అదే చెప్పుంటావు. నీ సంగతి నాకు తెలీదా." వెంగమ్మ నవ్వినట్టే చేసింది కాని నవ్వు కాదది. "నేనా మాట నమ్మినాను. ఆ రాత్రే, నువ్వు గొర్రెల దొడ్డి మూసేదానికి పోయినప్పుడు, నల్లబొట్టు డబ్బాలోది సగం తీసినాను. కొత్త పిడతలో పెట్టి, మూతికి గుడ్డ కట్టి, గాదె ఎనక పూడ్చినాను. నువ్వు కలిపింది తెల్లారి గదా."

నల్లబొట్టు డబ్బాలో వెలితి. మద్రాసు వాళ్ళను ఎంత తేలిగ్గా తప్పుపట్టింది తాను! తిరుపాలమ్మకు పోయిన ప్రాణం లేచొచ్చినట్టయింది. ఆ అబద్ధం పుణ్యమా అని ఒక బిడ్డ బతుకుతుంది, తన తప్పు సగమన్నా కడుక్కుపోతుంది.

డాక్టరు అప్పటికే కారు తాళం అందుకున్నాడు. "మంచి పని చేశావమ్మా! పదండి, ఇప్పుడే పోయి తెచ్చుకుందాం. మీ ఊరు పోయి రావడానికి..."

"ఇయ్యను" అంది వెంగమ్మ.

డాక్టరు తాళం పట్టుకున్న చెయ్యి దించాడు.

"ఏందే ఆ మాట?" తిరుపాలమ్మ ముందుకు వచ్చింది. "బయట ఆ బిడ్డను చూళ్ళేదా నువ్వు? మన చెంచి బాగానే ఉండాది గదా, తర్వాత డాక్టరుగారు ఇస్తాడు గదా దానికి. దాచిపెట్టి ఏం చేసుకుంటావే?"

"దాచింది చెంచికి కాదు."

వెంగమ్మ బిడ్డల చేతులు వదిలేసింది. కొంగు లాగి కడుపు మీద కప్పుకుని, రెండు చేతులూ దాని మీద పెట్టుకుంది. బస్సులో వాంతి, పొగ పడలేదన్న మాట, ఈమధ్య పొద్దున్నే అన్నం మీదికి పోని మనసు, అన్నీ ఒక్కసారి వచ్చి తిరుపాలమ్మ ముందు నిలబడ్డాయి. దేవుడా, ఇంకొక బిడ్డ. అదే కడుపు, అదే రక్తం, తను కలిపిన అదే సంబంధం.

"దాచిననాడు ఇది లేదు" అంది వెంగమ్మ మెల్లగా. "ఎప్పుడోకప్పుడు వస్తాదని తెలుసు. వచ్చేటప్పుడు ఈ ఒంటితోనే వస్తాదేమోనని తెలుసు. పుట్టినకాడినుంచే రాస్తే చెంచి మాదిరి కాకుండా ఉంటాదేమో అని దాచినాను. నాకు ఇంకేం దారుండాది అత్తా? మద్రాసు డబ్బాలు వస్తాయంటాడు, పంపేస్తామంటాడు, మళ్ళా తెప్పిస్తామంటాడు. నేనెవరిని నమ్మేది? నిన్నా?"

తిరుపాలమ్మ బిడ్డలిద్దరినీ తన దగ్గరికి లాక్కుంది.

వాకిట్లో నీడ పడింది. కామయ్య. కూతురిని రెండు చేతుల మీదా ఎత్తుకుని ఉన్నాడు. తడిగుడ్డ అంచునుంచి నీళ్ళు గచ్చు మీద బొట్టు బొట్టుగా పడుతున్నాయి. ఎంత విన్నాడో, ఏం విన్నాడో అతని మొహం చెప్పడంలేదు. డాక్టరు వైపు చూడలేదు, వెంగమ్మ వైపు చూడలేదు. తిరుపాలమ్మనే చూస్తున్నాడు.

వెంగమ్మ కూడా అటే తిరిగింది. ఒక చెయ్యి కడుపు మీదే ఉంది.

"చెప్పత్తా" అంది. "బంతిలో వలపక్షం చెయ్యనిదానివి గదా. ఉండేది ఒక్క పిడత. వాళ్ళ బిడ్డకా, నా బిడ్డకా? ఈతూరి కలిపేదానికి లేదు. ఎవరి ఆకులో వడ్డించమంటావో నీ నోటితో చెప్పు."